కాయిల్ మేడం గారు

ఆవిడ పోయారన్న ఫోను వచ్చినప్పుడు నేను క్లాసులో ఉన్నాను. బయటికొచ్చి తిరిగి చేస్తే మలికిపురం నుంచి ఎవరో అమ్మాయి మాట్లాడింది.

"పిన్నిగారు పోయేరండి. హైదరాబాదులోనే, గుండె ఆగిపోయిందండి. ఇక్కడికే తీసుకొచ్చి సమాధి చేసేం. ఆదివారం చర్చిలో పిన్నిగారి పేరున ఆదరణ కూడిక పెట్టుకున్నామండి. మీకు తప్పకుండా చెప్పమంది మా అమ్మ."

"మీ అమ్మగారికి నేను తెలుసా?" అని అడిగాను. చావు కబురు చెప్పిన మనిషిని అడగవలసిన ప్రశ్న కాదది. నోట్లోంచి వచ్చేసింది.

"అయ్యో, తెలీకపోవడం ఏంటండీ" అంది ఆ అమ్మాయి.

ఫోను పెట్టేశాక ముందు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. మా కాలేజీలో రెండేళ్లు నా పక్కన కూర్చుని పనిచేసి, హైదరాబాదు వెళ్ళిపోయిన తరవాత ఆవిడ ఫోనులో మాట్లాడిన మాటలన్నీ కలిపినా ఒక పేజీ నిండదు. "ఆయ్, బాగున్నానండీ. మీరు బాగున్నారా? దిమ్మ ఎలా ఉంది?" అంతే. దిమ్మంటే మా కాలేజీ వెనక గదిలో ఆవిడ కట్టించుకున్న కాంక్రీటు దిమ్మ. దాని క్షేమం అడిగినంత శ్రద్ధగా నా క్షేమం ఎన్నడూ అడగలేదు. ఆవిడకి నేనెవరిని, ఆ దిమ్మ కంటే ముందుదాన్నా తరవాతిదాన్నా అన్నది నాకు ఎప్పటికీ తేలలేదు. ఇక తేల్చుకునే వీలు లేకుండా పోయారు. అందుకే కోపం.

మా కాలేజీ కొత్తపేటకి కొంచెం ఎడంగా, వరిచేల పక్కన ఉంటుంది. నేను ఫిజిక్సు చెబుతాను. ఆవిడ హైదరాబాదులో ఒక పరిశోధన సంస్థలో ఫైబర్ ఆప్టిక్ జైరోస్కోపులు తయారుచేసేవారు. గాలిలో ఎప్పుడూ చెమ్మ ఉండేచోట అవి ఎలా నిలబడతాయో చూడాలని, రోడ్డు రొద లేని చోటు కావాలని, ఆవిడ ఈ ప్రాంతం మనిషే కదా అని, ఆ సంస్థవారు మా కాలేజీకి పంపించారు. మా ప్రిన్సిపాల్ గారు శాలువా సిద్ధం చేసుకుని కూర్చున్నారు. ఆవిడ గొడుగు మూలకి ఆనించి, నమస్కారమైనా పూర్తికాకుండానే, "ఈ బిల్డింగులో అన్నిటికంటే కదలని గది ఏదండీ?" అని అడిగారు.

"గదులెక్కడైనా కదుల్తాయా అండీ?" అని నవ్వారు ప్రిన్సిపాల్ గారు.

"ఆయ్, కదుల్తాయండీ" అన్నారావిడ, నవ్వకుండా.

స్టీలు గ్లాసు ఒకటి అడిగి, నిండా నీళ్ళు పోసుకుని, గది గదికీ తిరిగి దాన్ని నేలమీద పెట్టి, వంగి ఆ నీళ్ళకేసి చూస్తూ ఉండిపోయేవారు. కొబ్బరికాయల లారీ రోడ్డు మీద పోతే ఏ గదిలో నీళ్ళు వణుకుతాయో, ఏ గదిలో వణకవో చూసుకున్నారు. ఆఖరికి వెనకాల, చేలకి నీళ్ళు పారే పంట బోదె పక్కనున్న సామాన్ల గది కావాలన్నారు. విరిగిన బల్లలు తీయించి, నేల తవ్వించి, మా వైపు ఇళ్ళకి పునాది వేసినట్టే నీరు ఊరేదాకా తవ్వి ఇసక నింపించి, దానిమీద దిమ్మ కట్టించారు. శాలువా సంగతి ఆరోజుకి అందరూ మర్చిపోయారు.

పొట్టి మనిషి. చెంపల దగ్గర జుట్టు తెల్లబడింది. నేత చీర, భుజం మీద పిన్ను, మెడలో సన్నటి గొలుసుకి చిన్న శిలువ. గాజులుండవు. ఆ గదిలోకి వెళ్ళేముందు చేతి వాచీ తీసి నా బల్లమీద పెట్టేవారు. సబ్బుతో చేతులు కడుక్కుని, తుడుచుకుని, రెండు అరచేతులూ గాలిలోకి పట్టుకుని కాసేపు గుమ్మం బయటే నిలబడేవారు. చేతుల్లో వేడి తగ్గాలట. దారినపోయే పిల్లలు ఆవిడ ప్రార్థన చేసుకుంటున్నారనుకుని గొంతు తగ్గించేవారు. వాళ్ళే ఆవిడకి కాయిల్ మేడం గారని పేరు పెట్టారు.

జైరో అంటే ఏమిటో మా పిల్లలకి ఆవిడ చెప్పిన తీరు నేను ఇప్పటికీ క్లాసులో వాడుకుంటాను. "ఊరి చుట్టూ ఒకటే వీధి ఉందనుకోండి. ఒక ఇంటి గుమ్మంలోంచి ఇద్దరు బయల్దేరేరు. ఒకరు కుడికి, ఒకరు ఎడమకి. ఒకే నడక. ఇద్దరూ ఒక్కసారే మళ్ళీ గుమ్మం దగ్గరికి రావాలి కదా. కానీ వాళ్ళు నడుస్తూండగా ఆ గుమ్మమే కాస్త పక్కకి జరిగితే? ఒకరు ముందొస్తారు, ఒకరు వెనకొస్తారు. ఆ తేడా చూసి ఊరెంత తిరిగిందో చెప్పెయ్యొచ్చు. మన దాంట్లో నడిచేది వెలుగు. వీధి ఏమో వెంట్రుకంత గాజు పోగు. కాయిల్‌లో చుట్టలు చుట్టలుగా ఉంటుంది."

"మరి తప్పెక్కడొస్తుందండీ మేడం?" అని అడిగింది ముందు బల్లలో అమ్మాయి.

"వీధి మారిపోతుందమ్మా. ఒకాయన వెళ్ళినప్పుడు అక్కడ ఎండ కాస్తోంది. రెండో ఆయన అటునుంచి అక్కడికొచ్చేసరికి వానపడి బురదైంది. ఊరు కదలకపోయినా ఇద్దరూ తేడాగా వస్తారు. మనం ఊరే తిరిగిందనుకుంటాం. కాయిల్‌కి ఒక పక్క వేడి తగిలితే జరిగేది అదే. అందుకని పోగుని ఎలా చుట్టాలంటే, ఎండా బురదా ఇద్దరికీ సమానంగా తగలాలి."

తరవాత జైరోని దిమ్మ మీద కదలకుండా బిగించి, కంప్యూటరు తెర మీద గీత చూపించారు. గీత సున్నా మీద లేదు, కాస్త పైన ఉంది. "ఇదేంటో తెలుసా? భూమి తిరగడం. మన కొత్తపేట దగ్గర నుంచుంటే ఎంత కనబడాలో అంతే కనబడుతోంది" అన్నారు. పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూశారు. ఫిజిక్సు ఇన్నేళ్లు చెప్పిన నేనూ అలాగే చూశాను. భూమి తిరుగుతుందని పుస్తకంలో చెప్పడం వేరు, మా సామాన్ల గదిలో ఫ్యాను ఆపుకుని కూర్చుని అది తిరగడం చూడడం వేరు.

ఆవిడ ఊతపదం "బోర్లించి చూసేరా?" జైరోని ఉన్నదున్నట్టు ఒకసారి కొలిచి, బోర్లించి ఇంకోసారి కొలిస్తే, నిజమైన తిరుగుడు తలకిందులై కనిపిస్తుంది. యంత్రంలో ఉన్న తప్పు మాత్రం ఎటు పెట్టినా ఉన్నట్టే ఉంటుంది. అలా నిజాన్నీ తప్పునీ విడదీస్తారు. ఆవిడ దీన్ని జైరోతో సరిపెట్టుకోలేదు, ప్రపంచం మీదంతా ప్రయోగించారు. ఒకరోజు మా ఆడపడుచు మీద నేను కారాలూ మిరియాలూ నూరుతున్నాను. ఆవిడ ఓపికగా విని, "పోయినవారం మీ హెచ్చోడీ గారి గురించీ ఇదే అన్నారండీ. అంతకుముందు పాలబ్బాయి గురించీ. బోర్లించి చూసేరా? మనిషి మారినా మారకుండా వస్తున్న మాటుందంటే, అది మీలో ఉన్న తప్పేమో అండీ" అన్నారు. నాకు ఒళ్ళు మండిపోయింది. రెండు రోజులు మాట్లాడలేదు. ఆవిడ గమనించను కూడా లేదు.

నాది అసలే తొందర స్వభావం. ఆవిడకి ఏదీ తొందర లేదు. మెచ్చుకోవాలన్నా "ఆయ్", అనుమానం వచ్చినా "ఆయ్", సంభాషణ ముగించాలన్నా "ఆయ్". ఆ మూడింటికీ తేడా పట్టుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. మధ్యాహ్నం భోజనానికి ఆవిడ క్యారేజీ పట్టుకుని వరండా చివరికి వెళ్ళిపోయేవారు. చేపల వాసన నాకు ఇబ్బందని. మా పుట్టింట్లో వేదం చెప్పుకునేవాళ్ళు, ఆ సంగతి ఆవిడకి ఎవరో చేరవేశారు. కొన్నాళ్లు చూసి నేనే నా డబ్బా పట్టుకుని వెళ్ళి పక్కన చతికిలబడ్డాను. ఆవిడ మూత సగం తీసి ఆగి, "ఫరవాలేదాండీ?" అన్నారు. "వాసనకి మైల లేదులెండి" అన్నాను. "ఆయ్" అన్నారు. అది నాలుగో రకం ఆయ్. అంతకుముందు వినలేదు.

ఆవిడకి ఉన్నది ఒక్కటే పని. ఆ గీత ఏడాది పొడుగునా తిన్నగా సాగాలి. సాగకపోతే పై ఆఫీసువాళ్ళు ఈ పని ఆపేసి ఆవిణ్ణి వెనక్కి పిలిచేస్తారు. సాగితే పని అయిపోయిందని పిలిచేస్తారు. ఎటు చూసినా ఆవిడ వెళ్ళిపోవడమే. ఈ లెక్క నాకు మొదటి చలికాలంలోనే అర్థమైంది. అర్థమైన రోజు ఇంటికెళ్ళి కూరలో ఉప్పు రెండుసార్లు వేశాను. మావారు నోరెత్తకుండా తిన్నారు.

ఎండలు ముదిరేసరికి గీత జారడం మొదలెట్టింది. ఉన్నపళంగా కాదు, రోజూ కంటికి కనబడనంత. వారం వారం కలిపి చూస్తే మాత్రం వంపు తెలుస్తోంది. వేడే కారణమనుకున్నాం. కిటికీకి తడికలు కట్టాం. జైరో చుట్టూ థర్మోకోల్ పెట్టె చేశాం. పక్క తోటలో మోటారు తిరిగితే అదురుతోందేమోనని, ఆవిడ గొడుగేసుకుని వెళ్ళి ఆ రైతుగారిని బతిమాలి, ఒక వారం మోటారు ఆపించారు. జారుడు ఆగలేదు.

"తప్పు నా చుట్టడంలోనే ఉందండీ" అన్నారొకరోజు. "విప్పేసి మళ్ళీ చుడతాను."

కిలోమీటరు పైచిలుకు గాజు పోగు. జిగురు పోసి గట్టిపరచలేదు కనక విప్పడానికి వీలుంది. కానీ ఎక్కడైనా పుటుక్కుమంటే అంతే, ఇంకో పోగు రాదు. ఆవిడ విప్పారు. విప్పడం అయ్యాక చుట్టడానికి నన్ను ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. పోగుని నడిమధ్య నుంచి మొదలెట్టి, చెరిసగం రెండు రీళ్ళకి ఎక్కిస్తారు. ఒక వరస మొదటి రీలు నుంచి, తరవాతి రెండు వరసలూ రెండో రీలు నుంచి, మళ్ళీ మొదటిది. అలా చుడితే నడిమధ్యకి ఇటూ అటూ సమాన దూరంలో ఉన్న ముక్కలు పక్కపక్కనే పడతాయి. ఏ వేడి వచ్చినా రెండింటికీ ఒక్కసారే తగులుతుంది. ఆవిడ భూతద్దంలోంచి కళ్ళు తీయరు. ఏ రీలు వంతో చూసుకుని చెప్పడం నా పని.

కాసేపటికి నాకు తెలియకుండానే నా నోరు దాన్ని ఒక వరసలో పెట్టేసింది. "ఒకటి రెండు, రెండు ఒకటి. ఒకటి రెండు, రెండు ఒకటి."

ఆవిడ చెయ్యి ఆగింది. "ఈ పాట ఎక్కడిదండీ?"

మా నాన్నగారు ఘనపాఠి. వేదంలో అక్షరం జారిపోకుండా, పదాల్ని ముందుకీ వెనక్కీ మార్చి మార్చి వల్లిస్తారు. రెండు పదాలు చెప్పి, వెనక్కి తిప్పి చెప్పి, మళ్ళీ ముందుకి చెబుతారు. ఎక్కడ తప్పు దొర్లినా వెనక్కి వచ్చేటప్పుడు దొరికిపోతుంది. అదంతా ఆవిడకి చెప్పాను.

"అయితే మీ నాన్నగారూ నా పనే చేసేరన్నమాట" అన్నారావిడ, భూతద్దం పక్కకి జరిపి. ఆ మొహంలో అంత సంబరం నేనెప్పుడూ చూడలేదు. "మీకు నేర్పేరాండీ?"

"ఆడపిల్లలకి ఎవరు నేర్పుతారండీ! ఆయన సావిట్లో శిష్యులకి చెబుతుంటే నేను లోపల బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నాను. అంతే."

ఆవిడ, "మా అమ్మ కూడా అంతేనండీ. మిషను బడి ఊడ్చేది. కిటికీ బయట చీపురు పట్టుకుని అక్షరాలు నేర్చుకుంది. తరవాత అదే బళ్ళో పిల్లలకి అక్షరాలు చెప్పింది" అన్నారు. మళ్ళీ భూతద్దం దగ్గరికి లాక్కుని, "అనండి, ఆపకండి" అన్నారు.

ఆ రోజులు ఇప్పటికీ గుర్తే. ఎండ మండిపోతోంది, ఫ్యాను లేదు, కిటికీ తడికల మీద నీళ్ళు చల్లుకుంటున్నాం. నేను ఒకటి రెండు, రెండు ఒకటి అంటున్నాను, ఆవిడ వేళ్ళ కింద పోగు వరసకి వరస సర్దుకుంటోంది. నాకు పెళ్ళయింది, పిల్లలున్నారు, వాళ్ళంటే ప్రాణం. అయినా ఒక మనిషి పక్కన నా బుర్రంతా, మనసంతా ఒకేసారి పనిచెయ్యడం నాకు ఆ గదిలోనే తెలిసింది. ఈ పని తెమలకుండా ఇలాగే సాగితే బావుణ్ణు అనుకున్నాను.

పని తెమిలింది. కాయిల్ మళ్ళీ దిమ్మెక్కింది. పది రోజులు పోయాక చూస్తే గీత మళ్ళీ జారుతోంది, ఇదివరకటి లాగే.

ఆవిడ తెర ముందు కూర్చుని తన చేతులకేసి చూసుకున్నారు. "ఇంక నా చేతులు అయిపోయేయండీ" అన్నారు. "ఆఫీసుకి రాసేస్తాను, వచ్చి తీసుకుపొమ్మని."

నాకు ఎక్కడలేని కోపం వచ్చేసింది. "ఊళ్ళో ఉన్నవాళ్ళందర్నీ బోర్లించి చూడమంటారు! మొదటినుంచీ వేడి, వేడి, నా చేతులు అంటున్నారే తప్ప, గీత జారడం మొదలెట్టాక ఒక్కసారైనా దీన్ని బోర్లించారా? అది తప్పే చెబుతోందని మీకు ఎవరు చెప్పారు?" అని అరిచాను. వరండాలో పిల్లలు ఆగిపోయి తొంగి చూశారు.

ఆవిడ నాకేసి చూశారు. కోప్పడతారనుకున్నాను. "ఆయ్" అని లేచి చేతులు కడుక్కోవడానికి వెళ్ళారు.

జైరోని బోర్లించి బిగించి, కొన్నాళ్లు ఆగాం. జారుడు తిరగబడింది. ఇదివరకు కిందికి జారిన గీత ఇప్పుడు పైకి పోతోంది. యంత్రం తప్పైతే ఎటు పెట్టినా ఒకే వైపు జారాలి. తిరగబడిందంటే అది నిజమే చెబుతోంది. నిజంగానే ఏదో కదులుతోంది.

"కదిలేది మనమేనండీ" అన్నారావిడ మెల్లిగా.

ఇద్దరం ఒక్కసారే కిటికీలోంచి బయటికి చూశాం. వేసవికని నీళ్ళు ఆపి కాలవలు కట్టేసి చాలా రోజులైంది. గోడ పక్కనున్న బోదె ఎండిపోయి, గట్టు నెర్రెలు విచ్చింది. నేల ఆ పక్కకి కుంగుతోంది, దిమ్మ దానితోపాటు కాస్త వాలుతోంది. దిమ్మ వాలితే జైరోకి భూమి తిరుగుడు కొంచెం వేరేగా కనబడుతుంది.

"మా మలికిపురం ఇంట్లో వెనక గోడ ఏటా వేసంకాలం బీటవారేదండీ. కాలవలొదిలితే మూసుకునేది."

"మా ఇంట్లోనూ అంతేనండీ. మా అమ్మ ఆ బీటలో అగరొత్తులు గుచ్చేది."

బయటి ఊరి మనిషెవరైనా వచ్చుంటే మొదటి రోజే ఈ నేల గురించి అడిగేవాడు. మేమిద్దరం ఇక్కడి నేల మీద పుట్టి పెరిగినవాళ్ళం కాబట్టి మాకు తోచలేదు. వేసవిలో నేల కుంగడం, వానల్లో ఉబ్బడం మాకు ఊపిరి తీసుకున్నంత మామూలు. పైగా దిమ్మని మా ఇళ్ళ గోడలకి వేసినట్టే పునాది తవ్వి, బోదె పక్కనే కట్టి, కట్టిన రోజున రసమట్టం పెట్టి చూసి, ఇంక కదలదని నిశ్చింతగా ఉన్నాం. మళ్ళీ రసమట్టం తెచ్చి పెట్టాం. బుడగ బోదెకి ఎదురు వైపుకి జరిగిపోయి ఉంది, బోదె వైపు కుంగిందన్నమాట.

ఆవిడ నవ్వడం మొదలెట్టారు. దిమ్మకి వీపు ఆనించి నేలమీద కూలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళవెంట నీళ్ళు కారేదాకా నవ్వారు. "కదలని గది కావాలన్నానండీ! ఏరి కోరి ఇది పట్టుకున్నాను!" అని మళ్ళీ నవ్వారు. నేనూ పక్కనే కూలబడ్డాను. ఆవిడ పగలబడి నవ్వగా చూసింది అదొక్కసారే.

తరవాతి పని సులువు. జైరో కింద పళ్ళేనికి మరలు బిగించి, పొద్దున్నే దాన్ని మట్టంగా సర్దడం, దిమ్మ ఎంత వాలిందో కొలిచి ఆ మేరకి గీతలోంచి తీసెయ్యడం. కాలవకి నీళ్ళు వదిలారు, బోదె నిండింది, దిమ్మ మెల్లిగా తన చోటికి తను వచ్చింది. గీత మాత్రం తిన్నగా ఉంది. వానలు వచ్చాయి, ముసుర్లు పట్టాయి, గదిలో గోడలు చెమర్చాయి, గీత కదల్లేదు. ఇంక వెళ్ళిపోతారని నేను రోజూ ఎదురుచూసి, రోజూ భయపడ్డాను. ఒకరోజు ఆవిడే అన్నారు. "ఒక్క ఏడాది చూస్తే సరిపోదండీ. ఇంకో వానాకాలం కూడా చూడాలి."

నాకు ప్రాణం లేచొచ్చింది. కానీ అది నాకోసం అని అనుకోలేదు. కాలవలు కట్టేది ఏడాదికొకసారి, రెండోసారి కూడా కొలత నిలబడితేనే రుజువు. ఆవిడ అలాంటి మనిషే. మామిడికాయలమ్మే ఆవిడ దగ్గర కూడా ఒకే కాయని రెండుసార్లు తూకం వేయించే మనిషి.

ఆ రెండో ఏడు చెయ్యడానికి పెద్దగా ఏమీ లేదు. పొద్దున్న మరలు సర్దడం, గీత చూడడం. సాయంత్రాలు కాలవ గట్టు మీద కొత్తపేట దాకా నడిచేవాళ్ళం. ఒక సెలవురోజు బస్సెక్కి ద్రాక్షారామం వెళ్ళాం. నేను లోపల దర్శనం చేసుకుని వచ్చేసరికి, ఆవిడ బయట మండపంలో ఒక రాతి స్తంభం మొదట్లో అరచెయ్యి పెట్టుకుని కూర్చుని ఉన్నారు. "వీళ్ళు పునాది బాగా వేసేరండీ" అన్నారు.

రెండో వానాకాలం కూడా అయిపోయింది. ఆవిడ సామాను సర్దుకున్నారు. బస్టాండులో నేను ఏదో ఒక మాట కోసం నిలబడ్డాను. బస్సు కదిలేముందు కిటికీలోంచి తల బయటపెట్టి, "దిమ్మ జాగ్రత్తండీ" అన్నారు. ఇంటికి నడిచొస్తూ దారిపొడుగునా ఆవిణ్ణి తిట్టుకున్నాను.

ఆదివారం మలికిపురం వెళ్ళాను. చర్చి ఆవరణలో షామియానా వేశారు. పాటలయ్యాక పాస్టరు గారు, తెలిసినవాళ్ళు ఆవిడ గురించి రెండు మాటలు చెప్పమన్నారు. బంధువులు ఆవిడ మంచితనం గురించి చెప్పారు, చర్చికి వేయించిన ఫ్యాన్ల గురించి చెప్పారు. ఆవిడ చేసిన పనేమిటో ఎవరూ చెప్పలేదు. నేను లేచాను. భూమి తిరుగుతుంటే మా కాలేజీ సామాన్ల గదిలో కూర్చోబెట్టి చూపించారు, అన్నాను. అంతే చెప్పి కూర్చున్నాను.

భోజనాల దగ్గర ఆవిడ అక్కగారు, ఫోను చేసిన అమ్మాయి వాళ్ళమ్మ, నా పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. రిటైరైన టీచరు. అదే పొట్టి మనిషి, అవే చెంపలు. నా చెయ్యి పట్టుకుని వదల్లేదు.

"మీరేనాండీ. మిమ్మల్ని చూడాలని ఎన్నాళ్ళనుంచో అనుకుంటున్నాను. ఆదివారం ఆదివారం ఇంటికొచ్చేది కదండీ, వస్తే మీ మాటే. మీరు అరిచేరట కదా ఒకరోజు. అది ఎన్నిసార్లు చెప్పిందో!"

నేను సిగ్గుపడ్డాను. దిమ్మ వాలడం గురించి, రెండో వానాకాలం గురించి ఏదో చెప్పబోయాను.

"రెండో వానాకాలమేంటండీ?" అన్నారు అక్కగారు.

"రెండో ఏడు కూడా కొలత నిలబడితేనే రుజువని ఉండిపోయారు కదండీ."

ఆవిడ నాకేసి వింతగా చూశారు. "మీకలా చెప్పిందా? పని మొదటి ఏడే అయిపోయిందండీ. ఆఫీసువాళ్ళు చాలు వచ్చెయ్యమన్నారు. అప్పుడే వస్తే ఆ విభాగానికంతా దాన్నే పెద్దని చేస్తామన్నారు. దానికి అదంటే ఎంత ఆశో నాకు తెలుసండీ, ఉద్యోగంలో చేరినప్పట్నుంచీ ఉంది. నా ఎదురుగానే ఫోనులో, 'ఇక్కడ కొలత ఇంకా కుదరలేదండీ, రాలేను' అని చెప్పేసింది. ఆ కుర్చీ దానికంటే చిన్నవాళ్ళకి ఇచ్చేసేరు. దాని నోట అబద్ధం విన్నది నేను అదొక్కసారేనండీ."

"ఎందుకండీ?" అన్నాను.

"'ఏంటే, ఎందుకే అలా చెప్పేవు' అన్నాను. 'నాకు అక్కడొక మనిషి దొరికిందక్కా. ఇప్పుడప్పుడే వదిలి రాలేను' అంది." ఆవిడ నా మొహం చూసి కంగారుపడ్డారు. "అయ్యో, మీకు చెప్పే ఉంటుందనుకున్నానండీ. చెప్పలేదా?"

"లేదండీ" అన్నాను. విస్తరి ముందు కూర్చుని, చుట్టూ అంతమంది ఉండగా, చిన్నపిల్లలా ఏడ్చాను. అక్కగారు నా వీపు నిమిరారు. ఏడుపు కాస్త తగ్గాక, తన చెల్లెలన్న ఆ మాటల్ని ఉన్నదున్నట్టు ఇంకొక్కసారి చెప్పమని అడిగాను. అక్కగారు చెప్పారు.